మూటల మీద ఒక పగలు

మండీ వెనక కొళాయి దగ్గర కృష్ణప్ప మోచేతుల దాకా చేతులు రుద్ది కడుక్కున్నాడు. గోళ్ళలో ఇరుక్కున్న బీన్సు పసరును చీపురుపుల్లతో తీశాడు. ముఖం కడిగి, మెడ వెనక తడిగుడ్డతో తుడుచుకుని, గోనె దుమ్ము పట్టిన చొక్కా విప్పి మడత పెట్టాడు. గోడ మేకుకు వేలాడే గుడ్డసంచిలోంచి తెల్లచొక్కా, తెల్లపంచె తీసి కట్టుకున్నాడు. దువ్వెనతో తల దువ్వుకునేసరికి, రాత్రంతా లారీలో కుదుపులు తిన్న బీన్సు రైతు పోయి, ఎవరో రిటైరైన హెడ్మాస్టరు నిలబడ్డాడు.

"బయల్దేరినావా అప్పా, ఊరు ఏలేదానికి?" అన్నాడు మండీ గుమాస్తా మునస్వామి, చీటీలు రాసుకుంటూ తల ఎత్తకుండానే.

"నాలుక్కంతా వచ్చేస్తాలే" అని కృష్ణప్ప నవ్వి వీధిలోకి నడిచాడు.

కలాసిపాళ్యంలో బీన్సు వేలం ఆరున్నరకే అయిపోతుంది. లారీ తిరిగి బయల్దేరేది సాయంత్రం నాలుగుకు. డ్రైవరు వెంకటరమణ కాళ్ళు కిటికీ బయట పెట్టి అంతవరకూ నిద్రపోతాడు. మధ్యలో ఉన్న తొమ్మిదిన్నర గంటలు కృష్ణప్పవి. ఆ తొమ్మిదిన్నర గంటలూ బెంగుళూరు కూడా అతనిదే.

ముందు లాల్‌బాగ్. పొద్దున నడకకు వచ్చేవాళ్ళను గేటు దగ్గర టికెట్ అడగరు. కృష్ణప్ప చేతులు వెనక్కి కట్టుకుని, ఊరికే చూడటానికి వచ్చినవాడిలా కాకుండా డాక్టరు నడవమంటే నడుస్తున్నవాడిలా గబగబా లోపలికి పోతాడు. తెల్లబూట్లు వేసుకున్న పెద్దమనుషులు నలుగురు అతనికి బాగా అలవాటు. "నమస్కార, కృష్ణప్పనోరే" అని పలకరిస్తారు. అతనూ చెయ్యెత్తుతాడు. మీ ఊళ్ళో వానలెట్లా అని అడిగితే పుంగనూరు వానల గురించి చెప్తాడు. ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తోటమాలికి తెలిసినంత అతనికీ తెలుసు. గాజుమేడ మెట్ల మీద కాసేపు కూర్చుని, అక్కణ్ణుంచి నడుచుకుంటూ కబ్బన్‌పార్కు చేరతాడు. అక్కడ ఎర్రరంగు లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని పేపరు చదువుతాడు. కన్నడ అక్షరాలు మొదట్లో కూడబలుక్కునేవాడు, ఇప్పుడు సినిమా వార్తలు కూడా వదలడు. ఒక్కోరోజు పార్కులో బ్యాండు వాయిస్తారు. మధ్యాహ్నానికి హలసూరు చెరువు దగ్గర సర్దార్ల గుడి, గురుద్వారా. తలకు తువ్వాలు చుట్టుకుని వరసలో కూర్చుంటే వేడి రొట్టెలు, పప్పు, పాయసం. ఏ ఊరు, ఏ కులం అని అక్కడ ఎవరూ అడగరు. "ఔర్ లో" అని ఇంకా వడ్డిస్తారు, అంతే. వచ్చేటప్పుడు పెద్దరోడ్డు మీద గాజు అద్దాల షాపులు ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తాడు. లిఫ్టు ఉన్న బిల్డింగుంటే నాలుగో అంతస్తు దాకా ఎక్కి, తను వెతికే మనిషి అక్కడ లేడన్నట్టు తల ఊపి, మళ్ళీ దిగుతాడు.

ఇదంతా చేసి ఒక్క రూపాయి ఖర్చు పెట్టడు. అదే అతని ధైర్యం. తాగలేదు, పేకాడలేదు, పరాయి గడప తొక్కలేదు. చూడటానికి డబ్బులేమిటి, తప్పేమిటి?

మూడున్నరకు మండీ వెనక్కి వచ్చి తెల్లబట్టలు విప్పి సంచిలో పెట్టాడు. దుమ్ము చొక్కా దులపకుండా తొడుక్కున్నాడు. పొద్దున బట్టలు మార్చుకునేటప్పుడు ఎవరున్నా పట్టించుకోడు గానీ, సాయంత్రం ఈ పని మాత్రం ఎవరూ చూడకుండా చేస్తాడు. తల మీద చెయ్యి పెట్టి దువ్విన జుట్టు చెరుపుకున్నాడు కూడా.

ఎనిమిదికి లారీ ఊరు చేరింది. చౌడేపల్లె రోడ్డు నుంచి లోపలికున్న చిన్న పల్లె అది, పదకొండు బీన్సు చేలు. టమాటా అయితే మదనపల్లెకు పోతుంది, బీన్సుకు మాత్రం బెంగుళూరే. వారానికి రెండు లోడ్లు. లోడు వెంట ఒక మనిషి పోవాలి. తూకం దగ్గర నిలబడాలి, చీటీలూ ఖాళీ గోనెలూ తీసుకురావాలి. వంతులని మొదట్లో అనుకున్నారు. ఒకరికి నడుంనొప్పి, ఒకరికి ఆవు ఈనేది ఉంది. చివరికి అన్ని వంతులూ కృష్ణప్ప నెత్తినే పడ్డాయి. పడ్డాయని ఊరు అనుకుంటుంది. అందుకని అతను లోడుకు పోయిన దినం అతని చేనుకు మిగిలినవాళ్ళు నీళ్ళు కట్టాలని కట్టుబాటు. ఆ పొద్దు నీళ్ళు కట్టింది సరోజమ్మ. మోకాళ్ళు వంగని అరవయ్యేళ్ళ మనిషి.

చెంగమ్మ వేడినీళ్ళు తోడి పెట్టింది. అతను స్నానం చేసి మంచం మీద కూర్చోగానే కింద కూర్చుని పాదాలు ఒళ్ళోకి తీసుకుంది.

"సూడు ఎట్లా వాచినాయో. పొద్దంతా మూటల మీద కాళ్ళేలాడేసుకోని కూర్చుంటే వాయవా?"

"ఊఁ" అన్నాడు కృష్ణప్ప.

"ఏమన్నా తింటివా?"

"ఆడేం దొరకతాది. ఒగ టీ తాగితి."

ఎనిమిదేళ్ళ కిందట మొదటిసారి పోయినప్పుడు జడివాన. ఆ రోజు నిజంగానే గోనె పట్ట కప్పుకుని ఖాళీ మూటల మీద పొద్దంతా ఆకలితో కూర్చున్నాడు. వచ్చి ఉన్నదున్నట్టు చెప్తే ఆమె కంటతడి పెట్టింది. రెండోసారి వాన లేదు. కానీ ఆమె అవే ప్రశ్నలు అడిగింది, అతను అవే జవాబులు చెప్పాడు. ఇప్పుడు ఆ అబద్ధం గడపలా ఇంట్లో ఒక భాగమైపోయింది, రోజూ దాటుతున్నా కాలికి తగలదు.

చెంగమ్మ బొటనవేళ్ళతో అరికాళ్ళు నొక్కుతూ, "మామా, ఈ తూరి నేనూ వస్తా" అంది.

"యాడికి?"

"బెంగుళూరికే. పక్కన మనిషుంటే నీకు పొద్దు పోతాది గదా. ఒక్కడివే యాల అల్లాడాల? నేనూ బెంగుళూరు సూసినట్టు ఉంటాది. మదనపల్లె, కుప్పంలో సంద్రిక ఇల్లు, ఇంక నేను సూసిందేముండాది?"

చంద్రిక వాళ్ళ కూతురు. కృష్ణప్పకు పచ్చి వెలక్కాయ గొంతులో పడినట్టయింది. లారీలో ఆడవాళ్ళెట్లా అన్నాడు. వెంకటరమణను అప్పటికే అడిగేశానంది. "వదినకు కేబిన్లో సోటు లేదా? కావాలంటే నేను నిలబడి తోలతా" అన్నాడట వాడు.

బేస్తవారం లోడు. కేబిన్లో చెంగమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పెట్టెలోంచి తీసిన మంచి చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. మధ్యలో కూర్చున్న కృష్ణప్ప దారి పొడవునా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాడు. వేలం కాగానే లాల్‌బాగ్‌కు తీసుకుపోవచ్చు. తోట చూస్తే ఎంత సంతోషిస్తుందో. కానీ తెల్లబూట్ల పెద్దమనుషులు ఎదురొస్తారు, "నమస్కార, కృష్ణప్పనోరే" అంటారు. ఎవరు మామా వాళ్ళు, నిన్నెట్లా ఎరుగుదురు అంటుంది. వేరే గేటు నుంచి పోతే? ఆ గేటు కాపలావాడికీ తను తెలుసు. పార్కుకు పోతే లైబ్రరీ ప్యూను పలకరిస్తాడు, గుడికి పోతే ముసలి సర్దారు భుజం తడతాడు. ఇంత పెద్ద బెంగుళూరులో తనను ఎరగని చోటు ఒక్కటీ తట్టలేదు అతనికి.

వేలం అయింది. అలవాటు కొద్దీ కొళాయి దగ్గరకు పోయి, చేతులు కడుగుతూ ఆగిపోయాడు. మేకుకు గుడ్డసంచి వేలాడుతోంది.

"ఏమప్పా, ఈ పొద్దు ఊరేగింపు లేదా?" అని మునస్వామి కేకేశాడు.

"మా ఇంట్లో ఆయమ్మ వచ్చినాది" అని కృష్ణప్ప గొంతు తగ్గించి కళ్ళతో బతిమలాడాడు. మునస్వామి ఒకసారి అతన్ని చూశాడు, అటు మూటల దగ్గర నిలబడ్డ చెంగమ్మను చూశాడు. అతనికి అర్థమైంది. లేచి వెళ్ళి, "రామ్మా, కూర్చో. కృష్ణప్ప ఈడే కూర్చుంటాడు పాపం, పొద్దుగూకులూ" అన్నాడు.

కృష్ణప్ప అబద్ధానికి సాక్షి కూడా దొరికాడు.

ఖాళీ గోనెలు కట్టగా కట్టి పరిచిన చోట ఇద్దరూ కూర్చున్నారు. ఏడయింది, ఎనిమిదయింది. తలల మీద మూటలు పెట్టుకున్న హమాలీలు "సైడు, సైడు" అని అరుస్తూ పోతుంటే చెంగమ్మ ప్రతిసారీ కాళ్ళు ముడుచుకుంది. కుళ్ళిన క్యాబేజీ వాసనకు చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అతను చూస్తున్నాడని తీసేసింది. ఎండ రేకుల కిందికి జరిగినకొద్దీ ఆమె గోనె ముక్కను అటు ఇటు లాక్కుంటూ అతన్ని నీడలో ఉంచింది.

"ఆ సందు దాటితే ఏముండాది మామా?"

"ఇట్లాంటి సందే ఇంగొగటి."

"ఆ పక్క?"

"బస్సులు. దుమ్ము."

నిజానికి ఆ పక్క మైలు దూరంలో గాజుమేడ ఉంది. పదింటికి ఒకసారి, పన్నెండుకు ఒకసారి కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. రా, అట్లా పోయొద్దాం అనే మాట రెండుసార్లూ నాలుక కొసకు వచ్చింది. మొదటిసారి "నీళ్ళు తాగుతావా?" అన్నాడు. రెండోసారి ఏమీ అనకుండా కూర్చున్నాడు. చెప్పేస్తే ఈ ఒక్క దినంతో పోదు, ఎనిమిదేళ్ళ దినాలన్నీ బయటపడతాయి.

మధ్యాహ్నం ఆమె డబ్బా తెరిచింది. సంగటిముద్ద రెండుగా విరిచి పెద్దది అతనికి పెట్టి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పక్కన వేసింది. "తిను. ఈ ఒగ పొద్దన్నా కడుపుకింత పడాల" అంది. అతనికి ముద్ద దిగలేదు.

ఆకాశంలో విమానం కిందుగా పోయింది. చెంగమ్మ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, అది మేడల వెనక మాయమయ్యేదాకా చూసింది. "రెక్క కింద అక్షరాలు గూడా కనపడతాండాయి మామా! మనూర్లో ఈగంత కనపడతాది." తర్వాత వచ్చిన వాటినీ అంతే ఆశగా చూసింది. ఎదురుగా పూలమూటలు దించుతుంటే, ఇన్ని పూలు ఏం చేసుకుంటారని మునస్వామిని అడిగింది. పాత చొక్కాలు అమ్ముకునేవాడినీ, గాజుల బండినీ, రెండంతస్తుల బస్సు వచ్చిందని ఎవరో అంటే దాన్నీ చూడటానికి ఒకసారి నిలబడింది. కూర్చున్న చోటి నుంచి ఏది కనపడితే అదే బెంగుళూరు అనుకుని చూసింది.

తిరుగు దారిలో ముళబాగిలు దాటాక ఆమె అతని భుజం మీద తల వాల్చింది. నడుం పట్టేసిందేమో, కదిలినప్పుడల్లా చిన్నగా మూలిగింది. "ఎనిమిదేండ్లు ఎట్లా ఓర్చుకుంటివి మామా. నేనైతే రెండో తూరి పోను" అంది కళ్ళు మూసుకునే. కృష్ణప్ప తేలు కుట్టిన దొంగలా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు బోరు షెడ్డు దగ్గర చేలవాళ్ళంతా ఆదివారం లోడుకు గోనెలు బాగుచేసుకుంటున్నారు. చిరుగులున్నవాటిని మగవాళ్ళు దబ్బనంతో కుడుతుంటే, ఆడవాళ్ళు పురికొస చిక్కులు తీస్తున్నారు. చెంగమ్మ నలుగురిలో గొంతెత్తే మనిషి కాదు. ఆ పొద్దు ఎత్తింది.

"నేను సూసొస్తిని. ఆ మూటల మీద ఒగ పగలు కూర్చోని వస్తిని. నా నడుం ఇంగా పట్టుకోనే ఉండాది. ఎనిమిదేండ్లు మీరంతా ఇంట్లో నీడన ఉంటిరి, ఈ మనిషి ఒగ మాటన్నా అన్నాడా? వంతులని సెప్పి వంతులు మరిసిపోతిరే. ఇంగ మా ఆయన పోడు."

ఆదెప్ప చేతిలో దబ్బనం ఆగిపోయింది. కదిరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "నిజమే తల్లీ. మనిషి అడగడం లేదని మేం సులకన సేస్తిమి. తప్పు మాదే కృష్ణప్పా, ఏమనుకోవద్దు" అన్నాడు.

కృష్ణప్పకు ఆ క్షణాన మొదట కలిగింది సిగ్గు కాదు. ఇక లాల్‌బాగ్ లేదు, లైబ్రరీ లేదు అనే దిగులు. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, దిగులు ముందొచ్చినందుకు కూడా కలుపుకుని వచ్చింది. "అట్లా ఏం లేదులేప్పా, నేనే పోతాలే" అని గొణిగాడు. అది విని వాళ్ళు ఇంకా కదిలిపోయారు. ఎంత మంచోడో చూడండని ఆదెప్ప పెండ్లాం అంది.

సరోజమ్మ చెయ్యి ఊపి, "నువ్వుండు నాయనా. నీకు తెలీని ముచ్చట ఒగటి సెప్తా విను. నువ్వు లోడుకు పోయిన దినం నీ పెండ్లాం వంటపొయ్యి ముట్టియ్యదు. ఎప్పుడన్నా సూసినావా? నువ్వు వస్తివి గదా, అప్పుడు రాజేస్తాది. నేను సంగటి తెస్తే గూడా ముట్టదు. ఆయప్ప ఆడ పస్తుంటే నాకెట్లా దిగుతాది అక్కా అంటాది. ఎనిమిదేండ్లు!" అంది.

"యాల సెప్తావక్కా అదంతా" అని చెంగమ్మ కసిరి పురికొస ఉండ పట్టుకుని అవతలికి పోయింది.

కృష్ణప్ప కుడుతున్న గోనెలోకి చూస్తూ ఉండిపోయాడు. వారానికి రెండు దినాలు. తను రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటున్న వేళకు ఈమె చల్లటి పొయ్యి ముందు కూర్చుని ఉంది. పాయసం ఇంకొంచెం వెయ్యమని గిన్నె చాపిన వేళకు కూడా. దబ్బనం బొటనవేలిలో దిగింది. అతను చప్పున తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం చెప్పాలనుకున్నాడు, చెప్పలేకపోయాడు. శనివారం పొద్దున చేలో చెప్పాడు.

మంచు ఇంకా ఆరలేదు. బీన్సు తీగకు ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో కాయను తొడిమ దగ్గర గిల్లాలి, లేకపోతే పూత రాలిపోతుంది. ఇద్దరూ ఒకే సాలులో చెరో పక్క కోస్తున్నారు. మధ్యలో కర్రలకు పాకిన తీగలు. ముఖం పూర్తిగా కనపడకపోవడం వల్ల ధైర్యం వచ్చిందేమో, కృష్ణప్ప అన్నాడు.

"చెంగా. నేను ఆడ మూటల మీద కూర్చోను."

"ఏందీ?"

"ఎప్పుడూ కూర్చోలే. మొదటి తూరి తప్ప."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. కొళాయి దగ్గర మార్చుకునే బట్టలు, తోట, లైబ్రరీ, బ్యాండు, సర్దార్ల గుడిలో అన్నం, లిఫ్టు, అన్నీ చెప్పాడు. మేకుకు వేలాడే సంచి సంగతి చెప్పాడు. "ఒగ రూపాయి గూడా నేను కర్సు పెట్టలే. తల్లి తోడు. అంతా ఊరికే సూసిందే" అన్నాడు. ఎనిమిదేళ్ళు కడుపులో దాచుకున్న గొప్ప సాకు అది. బయటికి వచ్చాక అతని చెవులకే చీదరగా వినపడింది.

చెంగమ్మ చేతులు ఆగలేదు. బుట్టలో కాయలు పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"బేస్తవారం నేను ఆడ కూర్చోనుంటినే. ఆ పొద్దు గూడా ఆ తోట ఆడే ఉండె గదా?"

"ఉండె."

"ఎంత దూరం?"

"మైలు."

"నడిస్తే పోయేంతే."

"ఆఁ."

"నేను పక్కన ఉంటే నీకు మర్యాద తక్కువా?"

"అట్లా కాదు చెంగా. తెలిసిపోతాదని భయపడితి."

ఆమె తీగల సందులోంచి అతన్ని చూసింది. కోపం ఉండి ఉంటే కృష్ణప్ప తట్టుకునేవాడు. ఆ కళ్ళలో ఎవరో కొత్తమనిషిని చూస్తున్న తీరుంది. బుట్ట చంకనెత్తుకుని ఆమె సాలు సగంలో వదిలేసి, నాలుగు సాళ్ళు అవతలికి పోయి కోయడం మొదలుపెట్టింది.

రెండు దినాలు అన్నం పెట్టింది, నీళ్ళు పెట్టింది, మాట్లాడలేదు. కృష్ణప్ప ఇంట్లో ఎక్కడ నిలబడాలో తెలియనట్టు తిరిగాడు. ఊళ్ళో చెప్పేస్తుందేమోనని ఎదురుచూశాడు. చెప్పేస్తే బాగుండు అని కూడా అనుకున్నాడు. కదిరప్ప కనపడినప్పుడల్లా "ఇంగ నీకు రెస్టు అప్పా" అని నవ్వుతుంటే ఆ నవ్వు భరించడం కష్టంగా ఉంది.

ఆదివారం సాయంత్రం లోడు ఎక్కిస్తుండగా చెంగమ్మ వచ్చి, "ఈ తూరి వంతు మా ఇంటిదే. నేనూ సరోజమ్మక్కా పోతాండాం" అంది అందరికీ వినపడేలా. ఆడవాళ్ళా అని ఆదెప్ప నోరు తెరిచాడు. "యాల, తూకం సూసేదానికి మాకు కండ్లు లేవా? ఇంగమీద ఆడోళ్ళం గూడా వంతులేసుకుంటాం. బెంగుళూరు బాగుంటాదంట" అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు కృష్ణప్ప వైపు చూడలేదు.

అతను లారీ దగ్గరికి పోయాడు. "నేనూ వస్తా. అంతా సూపిస్తా."

"నువ్వు వద్దు."

"తోటకు దోవన్నా సెప్తా."

"నాకు నోరుండాది. అడుగుతా." కేబిన్ మెట్టు ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "సరోజమ్మక్క సేనుకు నీళ్ళు కట్టు. మనదానికి గూడా."

సోమవారం కృష్ణప్ప రెండు చేలకూ నీళ్ళు కట్టాడు. సరోజమ్మ చేనులో కాలువ గట్టు రెండుచోట్ల తెగి ఉంది. వంగి మట్టి వేస్తుంటే, వంగని మోకాళ్ళతో ఆమె ఇన్నాళ్ళూ తమ చేనులో ఈ పని ఎట్లా చేసేదో అనుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. రాగిపిండి ఉంది, కట్టెలు ఉన్నాయి, అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. చాలాసేపు కూర్చుని, అగ్గిపెట్టె గూట్లో పెట్టేసి లేచాడు. ఎనిమిదేళ్ళకు ఒక పూట చెల్లు కాదని అతనికి తెలుసు. అయినా చెయ్యి రాలేదు.

పొద్దు వాలినప్పటి నుంచి రోడ్డు మొదట్లో నిలబడ్డాడు. దారి తప్పారేమో, రోడ్డు దాటడం తెలుసో లేదో, ఎవరైనా మోసం చేశారేమో. తను పోయినప్పుడు చెంగమ్మ కూడా ఇట్లాగే నిలబడేదా అని తనను తాను ప్రశ్నించుకుని, జవాబు తెలిసి తల దించుకున్నాడు.

లారీ లైట్లు కనపడ్డాయి. ముందు సరోజమ్మ దిగింది, మోకాళ్ళు పట్టుకుని నవ్వుతూనే దిగింది. "కృష్ణప్పా! గాజుతో ఇల్లు కట్టినారప్పా, ఇల్లంతా గాజే! మునస్వామి కూతుర్ని తోడు పంపిచ్చినాడు, బంగారట్లా పిల్ల" అని రోడ్డు మీదే మొదలుపెట్టింది. చెంగమ్మ వెనక దిగింది. కాళ్ళకు ఎర్రదుమ్ము ఉంది. ముఖం అలిసిపోయి, వెలుగుతోంది. ఆ ముఖాన్ని ఆ వెలుగుతో చూసి ఎన్నాళ్ళయిందో కృష్ణప్పకు గుర్తు రాలేదు.

ఇంటికి నడిచారు. కృష్ణప్ప పెట్టిన వేడినీళ్ళు పెరటి పొయ్యి మీద కాగి ఉన్నాయి. ఆమె చూసింది. వంటపొయ్యి మీద చల్లగా ఉన్న కుండను కూడా చూసింది. అరుగు మీద కూర్చుని, చెంగులో మూటకట్టి పెట్టుకున్నదేదో జాగ్రత్తగా విప్పింది. అరిటాకు పొట్లం. ఆకు వాడి నల్లబడింది.

"మార్కెట్టుకు నాలుగు ఇండ్ల అవతల గుడి ఉండాది. పగలు అన్నం పెడతాండారు. నీకు తెలీదా?"

అతనికి తెలియదు. ఎనిమిదేళ్ళలో మార్కెట్టుకు అంత దగ్గర వెతకలేదు.

"పెట్టే ఆయప్పను అడిగితి. ఇంట్లో ఒగ మనిషి తినకుండా ఉంటాడు, రవ్వంత కట్టియ్యప్పా అని. సిగ్గేముండాది, ఊరికే పెట్టేదే గదా." పొట్లం అతని ముందుకు జరిపింది. నిమ్మకాయ చిత్రాన్నం, లారీ కుదుపులకు ముద్దయిపోయి ఉంది. "ఒళ్ళో పెట్టుకోని వస్తి. సెడిపోలేదు, తిను."

కృష్ణప్ప ఆకు వంక చూశాడు. ఎన్ని వందల దినాలు. అడిగితే ఆ ముసలి సర్దారు నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టి ఉండేవాడు. తోటలో రాలిన పువ్వు ఒకటి జేబులో వేసుకుంటే ఎవరూ వద్దనేవాళ్ళు కాదు. దాచుకోవాలని మాత్రమే తోచింది అతనికి, తీసుకుపోవాలని ఒక్కనాడూ తోచలేదు. ఈమె ఒక్క దినం పోయింది.

"నువ్వు?" అన్నాడు.

"నేను ఆడే తింటిని. అది నీదే."

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. చెంగమ్మ పక్కనే కూర్చుని తన పాదాలు తానే నొక్కుకుంటూ అతను తినడం చూసింది.

"ఉప్పు సరిపోయిందా?"

కృష్ణప్ప తల ఊపాడు.